పాత ఏ-2 ఫ్లైట్ జాకెట్‌ను పాడుచేయకుండా బాగుచేయడం ఎలా?

రెండో ప్రపంచయుద్ధం నాటి అమెరికా పైలట్ల తోలు జాకెట్ దొరికితే, ముందు చెయ్యి నూనె సీసా మీదికే పోతుంది. దయచేసి ఆగండి. 1931లో అమెరికా సైన్యం ఆమోదించిన ఏ-2 జాకెట్లను ఎక్కువగా గుర్రపు తోలుతో, కొన్నిటిని మేకతోలుతో కుట్టారు. 1943లో కొత్త ఆర్డర్లు ఆపేశారు. అంటే యుద్ధకాలపు జాకెట్ ఏదైనా ఎనభై ఏళ్లు దాటిందే. దాన్ని కొత్తదానిలా మెరిపించాలని చూస్తే మిగిలి ఉన్నది కూడా పోతుంది.

ముందు అన్ని వైపులా ఫొటోలు తీయండి. కాలర్ కింద లేబుల్ చూడండి. 1988 నుంచి అమెరికా వైమానిక దళం మళ్లీ ఏ-2లు ఇచ్చింది, నకళ్లు కూడా చాలానే ఉన్నాయి. లోపల రాసిన పేర్లు, వీపు మీది బొమ్మలు, ప్యాచ్‌లు కూడా గమనించండి. చైనా-బర్మా-ఇండియా రంగంలో పనిచేసినవాళ్ల జాకెట్ల మీద మన దేశంలోనే చేత్తో కుట్టిన తోలు ప్యాచ్‌లు కనిపిస్తాయి. అలాంటిది ఉంటే విప్పొద్దు, తడి తగలనివ్వొద్దు. నా దృష్టిలో జాకెట్ కంటే అదే విలువైనది.

తర్వాత తెల్లటి నూలుగుడ్డతో చంక కిందో, కాలర్ లోపలో మెల్లగా రుద్దండి. ఇటుక పొడిలా ఎర్రగా అంటితే తోలు లోపలి నుంచి పొడైపోతోందని అర్థం. దీన్ని రెడ్ రాట్ అంటారు. ఇది వెనక్కి తిరగదు. నీళ్లు తగిలితే అక్కడ నల్లబడి బిగుసుకుంటుంది. ఇక ఇంట్లో ఏమీ చేయకుండా మ్యూజియం వస్తువులు బాగుచేసే నిపుణులకు చూపించండి.

పొడి రాకపోతే మెత్తటి బ్రష్‌తో కుట్ల వెంబడి దుమ్ము దులపండి. బూజు ఉంటే మాస్క్ పెట్టుకుని ఆరుబయట దులపాలి. ఆ తర్వాత గట్టిగా పిండిన గుడ్డతో చిన్న చోట తుడిచి, రంగు దిగకపోతేనే మిగతాది తుడవండి. నీడలో, మామూలు గాలికి ఆరనివ్వండి. ఎండ, హెయిర్ డ్రయర్, ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానివ్వొద్దు. తడి తోలుకు వేడి తగిలితే ముడుచుకుపోతుంది, మళ్లీ సాగదు.

ఇప్పుడు నూనె సంగతి. కొబ్బరినూనె, ఆముదం, పశువుల కాళ్ల నుంచి తీసే నీట్స్‌ఫుట్ నూనె, ఏది రాసినా మొదటి వారం తోలు మెత్తగా, అందంగానే ఉంటుంది. కాలం గడిచేకొద్దీ నూనె జిగురుగా మారి దుమ్ము పట్టిస్తుంది, లైనింగ్‌లోకి దిగుతుంది. ఇత్తడి టిచ్ బటన్ల చుట్టూ ఆకుపచ్చటి మైనంలాంటిది పేరుకుంటుంది. దాచుకునే జాకెట్‌కు ఏమీ రాయకపోవడమే మంచిది. వేసుకోక తప్పదంటే లెదర్ క్రీమ్ బఠాణీ గింజంత తీసుకుని, కనబడని చోట రాసి ఒక రోజు ఆగి చూడండి.

చిరుగును పైనుంచి కుట్టొద్దు. లైనింగ్ కొంచెం విప్పి, చిరుగు కంటే అన్ని వైపులా ఒక సెంటీమీటరు పెద్దగా పల్చటి మేకతోలు ముక్క కోసి, అంచులు సన్నగా చెక్కి, లోపలి నుంచి అతికించండి. వంగే గుణమున్న నీటి ఆధారిత జిగురు వాడండి. సూపర్ గ్లూ బిగుసుకుపోయి పక్కనే కొత్త చిరుగు తెస్తుంది. ఊడిన కుట్లను నూలు దారంతో, పాత రంధ్రాల్లోంచే చేత్తో వేయాలి. మిషన్ మీద పెడితే సూది పక్కనే ఇంకో వరస రంధ్రాలు వేస్తుంది, తోలు పోస్టల్ స్టాంపు అంచులా తెగుతుంది. ఇది చాలా దర్జీ షాపుల్లో జరిగే తప్పు, ముందే చెప్పి ఇవ్వండి.

మణికట్టు, నడుము దగ్గరి ఊలు పట్టీలను చిమ్మటలు తినేసి ఉంటే మార్చుకోవచ్చు. తీసిన పాతవి పారేయొద్దు. కవర్‌లో సీల్ చేసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచితే పురుగు చస్తుంది. జాకెట్‌తోపాటే దాచండి. బిగుసుకున్న జిప్‌కు పెన్సిల్ ముక్కు రుద్దితే చాలాసార్లు సరిపోతుంది.

దాచేటప్పుడు భుజాలంత వెడల్పున్న హ్యాంగర్‌కు గుడ్డ చుట్టి తగిలించండి, మీద పాత నూలు చీర కప్పండి. ప్లాస్టిక్ కవర్ వద్దు, కలరా ఉండలూ వద్దు. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే మంచిది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల వానాకాలంలో అది కష్టం కాబట్టి, బీరువాలో సిలికా జెల్ పెట్టి, వారానికోసారి జాకెట్ తీసి కాలర్ కింద బూజు వచ్చిందేమో చూడండి.