మిషనరీలుగా టాంజానియా వెళ్తున్న మన పిల్లల కోసం స్వాహిలి – మూడో పాఠం: పలకరింపు, గడియారం

మొదటి రెండు పాఠాల్లో ఉచ్చారణ, అంకెలు అయిపోయాయి. ఒకటి నుంచి పన్నెండు దాకా ఇంకా నోటికి రాకపోతే ఇక్కడే ఆగి వెనక్కి వెళ్ళండి, ఎందుకంటే ఈ పాఠంలో సగం వాటి మీదే నడుస్తుంది. వచ్చినవాళ్ళు ఒక్కసారి పైకి అనుకోండి: మోజ, మ్‌బీలి, తాతు, న్‌నె, తానొ, సీత, సాబ, నానె, తీస, కూమి, కూమి న మోజ, కూమి న మ్‌బీలి. స్వాహిలిలో ఊనిక దాదాపు ఎప్పుడూ చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది కాబట్టి అక్కడ దీర్ఘం పెట్టి రాస్తున్నాను. మన భాషలాగే మాటలు అచ్చుతోనే ముగుస్తాయి, అందుకే తెలుగు నోటికి ఈ భాష తొందరగా లొంగుతుంది. ఇబ్బందల్లా మాట మొదట్లో వచ్చే ‘మ్’, ‘న్’ దగ్గరే. ‘మ్‌తు’ అంటే మనిషి. దాన్ని ‘ముతు’ అనకండి, పెదాలు మూసి ‘మ్...’ అని ఒక క్షణం ఆగి అప్పుడు ‘తు’ అనండి.

ఇక పలకరింపు. ఇది రెండు వాక్యాల్లో తేలిపోయే సంగతి అనుకుని పుస్తకంలో మొదటి పేజీ తిప్పేసే పిల్లల్ని చాలామందిని చూశాను. ఇక్కడ మన దగ్గర ప్రసంగం చెప్పడానికి లేచి నిలబడితే గంటసేపు ఆగకుండా మాట్లాడగలిగినవాళ్ళు, సెమినరీలో మంచి మార్కులు వచ్చినవాళ్ళు, అక్కడ దిగాక నోట్లోంచి ఒక్క పూర్తి వాక్యం రాక మూగబోతారు, ఆ టెన్షన్‌లో వ్యాకరణం పుస్తకం పట్టుకుని గదిలో కూర్చుంటారు. కూర్చోకండి. టాంజానియా పల్లెలో మీకు మొదటి ఆరు నెలలు బోధించే పని ఎలాగూ ఉండదు, పలకరించే పని మాత్రం వెళ్ళిన రోజు నుంచే ఉంటుంది, అది సరిగ్గా చేస్తే మిగతా భాషంతా ఊళ్ళోవాళ్ళే నేర్పుతారు. అక్కడ పలకరింపంటే ఆగి, నిలబడి, ఇంటి సంగతి, పిల్లల సంగతి, పని సంగతి, వానల సంగతి ఒక్కొక్కటే అడగడం. అడక్కుండా ‘నాకు ఫలానాది కావాలి’ అని మొదలుపెడితే దుకాణంలో కూడా మొహం మాడిపోతుంది.

ముందు పెద్దవాళ్ళు. మీకంటే బాగా పెద్దవాళ్ళు ఎవరు ఎదురైనా ‘షికమో’ అనాలి, వాళ్ళు ‘మరహాబ’ అంటారు. షికమో అంటే మీ కాళ్ళు పట్టుకుంటున్నాను అనే అర్థం నుంచి వచ్చిందని చెబుతారు, కాబట్టి మన పాదాభివందనం తెలిసినవాళ్ళకి దాని బరువు ఎవరూ చెప్పక్కర్లేదు. పిల్లలు మీకు షికమో చెబుతారు, మీరు ‘మరహాబ’ అనాలి, తిరిగి షికమో అనకూడదు. ఇక్కడ యువ మిషనరీలకి ఒక చిక్కు వస్తుంది. మీకు ఇరవై ఎనిమిదేళ్ళు, మెడలో శిలువ ఉంది, డెబ్బై ఏళ్ళ అవ్వ గౌరవంతో మీకే ముందు వంగి చెప్పబోతుంది. నా మాట వినండి, ఆవిడ నోరు తెరవకముందే మీరు షికమో అనెయ్యండి. ఫాదర్‌గారికి మర్యాద తగ్గిపోతుందని ఎవరూ అనుకోరు, మన పిల్లాడే అనుకుంటారు. కాథలిక్కుల మధ్య అయితే ‘తుమ్‌సీఫు యేసు క్రీస్తొ’ (యేసు క్రీస్తుని స్తుతిద్దాం) అంటే ‘మిలేలె, అమీన’ అని జవాబు. లూథరన్, పెంతెకొస్తు సంఘాల్లో ‘బ్వాన అసిఫీవె’ (ప్రభువుకి స్తుతి) అంటే ‘అమీన’ అంటారు. ఇవి వచ్చినా షికమో మానకండి, ఎందుకంటే ఊళ్ళో ముస్లింలు ఉంటారు, ఏ మతమూ పట్టనివాళ్ళు ఉంటారు, షికమో అందరిదీ.

సమవయస్కులకి ‘హబారి’. ఈ మాట మీకు ముందే తెలుసు. అరబ్బీ ‘ఖబర్’ అక్కడ హబారి అయింది, మన దగ్గర కబురు అయింది. ‘ఏంటి కబుర్లు?’ అన్నట్టే ‘హబారి?’ అంటారు. దాని వెనక ఏది కావాలంటే అది తగిలించుకోవచ్చు: హబారి జ అసుబూహి (పొద్దున), హబారి జ న్యుంబాని (ఇంటి సంగతులు), హబారి జ కాజి (పని), హబారి జ సఫారి (ప్రయాణం). జవాబు ‘న్‌జూరి’ లేదా ‘న్‌జేమ’ లేదా ‘సలామ’. ఒంట్లో జ్వరం ఉన్నా, ఇంట్లో కష్టం ఉన్నా మొదటి జవాబు న్‌జూరియే, ఆ తర్వాత ‘కాకపోతే...’ అని మెల్లగా అసలు సంగతి బయటికి వస్తుంది. ఆ ‘కాకపోతే’ కోసం ఆగే ఓపిక మీకుండాలి. న్‌జూరి అనగానే సంతోషించి నడిచి వెళ్ళిపోతే ఆ ఇంటి దుఃఖం మీకు ఎప్పటికీ తెలియదు.

కుర్రాళ్ళు ‘మాంబొ?’ అంటారు, ‘పోవ’ అనండి. దీన్ని పెద్దవాళ్ళ దగ్గర వాడకండి.

బంధుత్వాల మాటల్లో మన చెవికి మోసం చేసేవి కొన్ని ఉన్నాయి, ముందే రాసి పెట్టుకోండి. మామ అంటే అమ్మ. బాబు అంటే తాత, కాబట్టి వీధిలో చిన్నపిల్లాణ్ణి అలవాటుగా ‘బాబూ’ అని పిలిచారంటే చుట్టూ ఉన్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతారు. దాద అంటే అక్క, కాక అంటే అన్న, బాబ అంటే నాన్న, బీబి అంటే నాన్నమ్మ వయసావిడ. కళ్ళకి కలిసొచ్చేవీ ఉన్నాయి: రంగు ‘రాంగి’, బీమా ‘బీమ’, లక్ష ‘లాకి’, మందు ‘దావ’ (దవాఖానా అనేవాళ్ళకి ఇది వేరే చెప్పాలా), జవాబు ‘జీబు’, చపాతీ అయితే అచ్చం చపాతీయే.

ఇప్పుడు ఒక ఇంటికి వెళ్దాం. వాకిట్లో నిలబడి పిలవాలి, తలుపు తోసుకుని వెళ్ళకూడదు. ఇద్దరు కలిసి పైకి చదవండి, ఒకరు మీరు, ఒకరు ఆ ఇంటావిడ.

– హోది, హోది! (లోపలికి రావచ్చా)
– కరీబు! (రండి)
– షికమో, మామ.
– మరహాబ. హబారి జ అసుబూహి?
– న్‌జూరి. హబారి జ న్యుంబాని?
– న్‌జేమ.
– వతోతొ హవజాంబొ? (పిల్లలు బాగున్నారా)
– హవజాంబొ. (బాగున్నారు)

ఆవిడ చేతిలో చీపురో, పారో, రోకలో ఉంటే వెంటనే ‘పోలె న కాజి’ అనండి, పాపం పనితో అలిసిపోయారు అని. జవాబుగా ‘అసాంతె’ (థాంక్స్) అంటారు. ఈ ‘పోలె’ని గట్టిగా పట్టుకోండి. జ్వరం వచ్చినవాళ్ళకి పోలె, దూరం నుంచి వచ్చినవాళ్ళకి ‘పోలె న సఫారి’, కాలు జారి పడినవాళ్ళకి పోలె, చావు ఇంట్లోనూ పోలె. తప్పు మీదవ్వాల్సిన పనిలేదు, వాళ్ళ భారం మీ కంట పడిందని చెబితే చాలు. మిషనరీకి ఇంతకంటే అక్కరకొచ్చే మాట ఇంకొకటి నాకు కనబడలేదు.

కాసేపటికి స్టూలు వస్తుంది, ఆ తర్వాత బహుశా భోజనమూ వస్తుంది. ఇంట్లో చిన్నవాళ్ళు చెంబూ పళ్ళెమూ తెచ్చి మీ చేతుల మీద నీళ్ళు పోస్తారు. ఉగాలి అంటే మొక్కజొన్న పిండితో చేసే ముద్ద, మన సంకటి తిన్న చేతికి కొత్తేమీ కాదు. కాస్త తుంచి, అరచేతిలో గుండ్రంగా చేసి, బొటనవేలితో మధ్యలో గుంట నొక్కి, ఆ గుంటతో కూర తీసుకుని తినాలి. కుడిచేత్తోనే. కూర తరచుగా ‘మ్‌చీచ’, అంటే మన తోటకూరే, లేదంటే చిక్కుడు గింజల ‘మహరాగె’. కారం మాత్రం వెతుక్కున్నా దొరకదు, పచ్చడి జాడీ వెంట తీసుకెళ్ళండి గానీ ఎవరి ఇంటికైనా వెళ్ళినప్పుడు దాన్ని బయటికి తియ్యకండి. కడుపు నిండితే ‘నిమెషీబ, అసాంతె’. ఆకలి లేకపోయినా ‘కిదోగొ తు’ (కొంచెమే) అని రెండు ముద్దలు తినండి, వద్దని లేచిపోకండి.

భాష గురించి అడుగుతారు. మనల్ని చూడగానే ‘మ్‌హీంది’ అంటారు, భారతీయుడని. తరాలుగా అక్కడ వ్యాపారాలు చేస్తున్న గుజరాతీలు ఉన్నారు కాబట్టి మిమ్మల్నీ షాపు ఓనరే అనుకోవచ్చు, కోపం తెచ్చుకోకండి. స్వాహిలి వచ్చా అంటే ‘నినజిఫూంజ’ (నేర్చుకుంటున్నాను). అర్థం కాకపోతే ‘సిజఎలేవ’. వేగంగా మాట్లాడితే ‘సేమ పోలెపోలె’ (మెల్లగా చెప్పండి). అర్థం కాకుండానే తల ఊపే అలవాటు మొదటి వారంలోనే వదిలించుకోండి, లేదంటే మూడో నెలలో ఏదో పెళ్ళికి వస్తానని మాటిచ్చేసి ఉంటారు.

ఊళ్ళోవాళ్ళ దగ్గరే భాష నేర్చుకునే ఈ పద్ధతి కొత్తది కాదు. యోహాన్ లుడ్విగ్ క్రాప్ఫ్ అనే జర్మన్ మిషనరీ 1844లో మొంబాసాలో (ఇప్పటి కెన్యాలో ఉంది) దిగారు. ఆ జూలైలోనే జ్వరంతో భార్య రోసీనా, పుట్టిన కొద్ది రోజులకే పాప చనిపోయారు. ఆయన వెనక్కి వెళ్ళిపోలేదు. అదే సంవత్సరం స్థానిక ముస్లిం న్యాయాధికారి ఒకాయన సాయంతో ఆదికాండాన్ని స్వాహిలిలోకి మార్చడం మొదలుపెట్టారు. ఆయన స్వాహిలి వ్యాకరణం 1850లో అచ్చయింది, నిఘంటువు ఆయన పోయాక 1882లో వచ్చింది. ఒక క్రైస్తవ మిషనరీకి ఒక ముస్లిం పెద్దమనిషి గురువయ్యాడన్న సంగతి నాకు చాలా ఇష్టం, మీరూ మీ గురువుల్ని మన సంఘంలోనే వెతుక్కోకండి. ముసోమాలో మకోకో భాషా పాఠశాల లాంటివి ఉన్నాయి, మీ మిషనరీ సభ పంపిస్తే తప్పకుండా వెళ్ళండి, కానీ తరగతి అయిపోగానే సంతకి వెళ్ళి అవే మాటలు టమాటాలమ్మే ఆవిడ మీద ప్రయోగించండి. మ్వాంజా వైపు సుకూమా తెగవాళ్ళ ఊళ్ళలో పొద్దున్నే ‘మ్వంగలూక’ అని వాళ్ళ సొంత భాషలో ఒక్క పలకరింపు విసిరితే ముసలివాళ్ళ మొహాలు వెలిగిపోతాయి.

ఇక గడియారం. అందరూ తడబడేది ఇక్కడే. స్వాహిలి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, మన పంచాంగంలో తిథి వారాలు చూసుకున్నట్టే. భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి ఏడాది పొడవునా పొద్దు ఇంచుమించు ఒకే వేళకి, ఆరు గంటల ప్రాంతంలో పొడుస్తుంది. కాబట్టి ఉదయం ఏడు అంటే మొదటి గంట, ‘సా మోజ’. ఎనిమిది ‘సా మ్‌బీలి’. మధ్యాహ్నం పన్నెండు ‘సా సీత’. సాయంత్రం ఆరు ‘సా కూమి న మ్‌బీలి’. రాత్రి ఏడుకి మళ్ళీ సా మోజ. లెక్క వెయ్యడం కష్టమైతే ముళ్ళ గడియారం చూడండి, చిన్నముల్లుకి సరిగ్గా ఎదురుగా ఉన్న అంకె చదివితే అదే స్వాహిలి టైము. అర అంటే ‘న నూసు’, పావు తక్కువ అంటే ‘కసొరోబొ’. సా తాతు న నూసు, తొమ్మిదిన్నర. సా తాతు కసొరోబొ, తొమ్మిదికి పావు తక్కువ. చివర పూట తప్పనిసరిగా చేర్చండి: అల్ఫజీరి (తెల్లవారుజాము), అసుబూహి (ఉదయం), మ్‌చాన (పగలు), జియోని (సాయంత్రం), ఉసీకు (రాత్రి).

ఫోన్లో మాత్రం మనకి తెలిసిన టైమే కనబడుతుంది. ఇంగ్లీషులో చెప్పేటప్పుడు వాళ్ళూ ఎయిట్ అనే అంటారు, స్వాహిలిలోకి రాగానే అదే సా మ్‌బీలి అవుతుంది. కొందరు ఇంగ్లీషు మాట్లాడుతూ కూడా స్వాహిలి లెక్కలో ‘టూ’ అనేస్తారు. కాబట్టి బస్సు అయినా, పూజ అయినా, పెళ్ళి అయినా ‘సా న్‌గాపి?’ (ఎన్ని గంటలకి) అని అడిగి, చెప్పిన జవాబుని పూటతో సహా మళ్ళీ మీ నోటితో అని ఖాయం చేసుకోండి.

వారాలు కూడా ఇలాంటివే. లెక్క శనివారం నుంచి మొదలవుతుంది: జుమమోసి శని, జుమపీలి ఆదివారం, జుమతాతు సోమ, జుమాన్నె మంగళ, జుమతానొ బుధ. తర్వాత గురువారం అల్‌హమీసి, శుక్రవారం ఇజుమా. ‘జుమపీలి, సా మోజ అసుబూహి’ అని గుడి తలుపు మీద రాసి ఉంటే ఆదివారం పొద్దున ఏడింటికి ఆరాధన.

ఈ వారం పని. రోజంతా టైము చూసిన ప్రతిసారీ స్వాహిలిలో పైకి అనండి. పై సంభాషణని ఇంట్లో ఎవరితోనైనా చూడకుండా చెప్పండి, ఆవిడ స్థానంలో తాతగారిని పెట్టి మార్చి చెప్పండి. ఆపైన ఇవి రాయండి: పొద్దున పది, మధ్యాహ్నం మూడు, తెల్లవారుజామున అయిదున్నర, రాత్రి ఎనిమిదికి పావు తక్కువ. చివరిది కాస్త ఆలోచించి చెయ్యండి: టాంజానియా మనకంటే రెండున్నర గంటలు వెనక, మీ అమ్మగారు ఇక్కడ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తానన్నారు, అక్కడ మీ పక్కనున్నవాళ్ళకి ఆ టైము స్వాహిలిలో ఎలా చెబుతారు? జవాబులు నాలుగో పాఠం మొదట్లో ఇస్తాను. అందులో క్రియలు మొదలుపెడతాం. మనం ‘చదువుతున్నాను’లో ‘నేను’ని చివర దాచుకుంటాం, వాళ్ళు ‘నినసోమ’లో దాన్ని ముందే పెట్టేస్తారు. ఆ ఒక్క తేడా పట్టుబడితే వందల వాక్యాలు మీవే.