ఫిబ్రవరి దాటాక మిద్దె మీద స్ట్రాబెర్రీ: ఏ లక్షణానికి ఏం చేయాలి

అక్టోబరులో నాటిన మొక్క సంక్రాంతి దాకా బాగా కాసి, ఫిబ్రవరి మధ్యకొచ్చేసరికి డీలా పడుతుంది. బలం చాలట్లేదనుకుని ఎరువు పెంచుతారు. వద్దు. నల్లగొండ, పాలమూరు మిద్దెల మీద ఈ సమయంలో మొక్కను ఎక్కువగా దెబ్బతీసేవి ఉప్పు బోరు నీళ్లు, కాగిన వేర్లు. ఎరువు ఆ ఉప్పును ఇంకా పెంచుతుంది.

ముదురాకుల అంచులు మాడిపోతున్నాయి

కుండీ అంచున, అడుగు రంధ్రాల చుట్టూ తెల్లటి పొర కట్టిందేమో చూడండి. ఉంటే కారణం ఉప్పే. ఉప్పును బొత్తిగా తట్టుకోలేని పంటల్లో స్ట్రాబెర్రీ ఒకటి. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు 450 పీపీఎం దాటి చూపిస్తే ఆ నీళ్లు దీనికి పనికిరావు. ఆర్వో ఫిల్టరు నుంచి పారే వృథా నీళ్లు అసలే పోయొద్దు, వాటిలో ఉప్పు బోరు నీళ్ల కన్నా ఎక్కువ. భగీరథ నల్లా నీళ్లు బకెట్లో ఒక రాత్రి ఉంచి వాడండి. చేరిన ఉప్పు పోవాలంటే, కుండీ పరిమాణానికి రెట్టింపు మంచి నీళ్లు (8 లీటర్ల కుండీకి 16 లీటర్లు) అరగంట సేపు కొద్దికొద్దిగా పోసి, అడుగు నుంచి పూర్తిగా కారిపోనివ్వండి. కింద ప్లేటు ఉంటే తీసేయండి, లేకపోతే కారిన ఉప్పునే మొక్క మళ్లీ పీల్చుకుంటుంది. తర్వాత రెండు వారాలు ఎరువు ఆపండి.

లేత ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా

ఇనుము అందట్లేదు. మట్టిలో లేక కాదు, సున్నం ఎక్కువున్న నీళ్లతో మట్టి క్షారగుణం పెరిగి (పీహెచ్ 7 దాటి) వేరుకు దొరకట్లేదు. లీటరు నీటికి అర గ్రాము ఐరన్ చీలేట్ (మొక్కకు తేలిగ్గా అందే రూపంలోని ఇనుము) కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయండి. పది రోజులకు మరోసారి.

మధ్యాహ్నం వాడి, సాయంత్రానికి తేరుకుంటోంది

నీళ్లు పోసే ముందు వేలు రెండు కణుపుల లోతు దించి చూడండి. లోపల తడి ఉందంటే దాహం కాదు, వేర్లు కాగుతున్నాయి. నల్ల గ్రో బ్యాగు పడమటి వైపు మూడు గంటలకు చెయ్యి పెడితే మీకే తెలుస్తుంది. కుండీని ఇటుకల మీదికెత్తి శ్లాబు వేడికి దూరం చేయండి. చుట్టూ తడి గోనెసంచి కట్టండి. మట్టి మీద రెండంగుళాల మందాన వరిగడ్డి గానీ పల్లీ పొట్టు గానీ పరవండి, మొక్క నడిమి మొగ్గను మాత్రం కప్పొద్దు, కుళ్లుతుంది. పొద్దుటి ఎండ తగలనిచ్చి, పదకొండు నుంచి నాలుగు దాకా 50 శాతం షేడ్ నెట్ నీడ ఇవ్వండి.

కాయ వంకరగా, ఒక పక్క గిడసబారి ఉంది

గిడసబారిన చోట గింజలు చిన్నగా, ఒత్తుగా ఉంటే పరాగం సరిగా అందలేదు. గింజ కట్టని చోట కండ పెరగదు. నెట్‌తో నాలుగు పక్కలా మూసేస్తే తేనెటీగ రాదు, పక్కలు తెరిచి ఉంచండి. ఉదయం తొమ్మిది, పది మధ్య మెత్తటి పెయింట్ బ్రష్‌ను పువ్వు నడుమ పసుపు భాగం చుట్టూ మూడు నాలుగు సార్లు తిప్పండి.

ఆకు మీద సన్నటి తెల్ల చుక్కలు, అడుగున బూజులాంటి దారాలు

ఎర్రనల్లి. పొడి ఎండకు ఉధృతమవుతుంది. ముదిరిన ఆకులు తుంచి, ఆకుల అడుగుభాగం నీటి ధారతో కడగండి. లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం కొట్టండి. వారం ఆగి మళ్లీ కొట్టకపోతే గుడ్ల నుంచి కొత్తవి వస్తాయి.

పూత ఆగి తీగలే వస్తున్నాయి

పగళ్లు పొడవై, ఎండ ముదిరాక మొక్క సహజంగానే పూత మాని తీగ వేస్తుంది. కాయ ఉన్నంత వరకు తీగలు కత్తిరించండి. మార్చిలో పగటి వేడి 35 డిగ్రీలు దాటుతూనే ఉంటే కాయ మీద ఆశ వదిలి, మొక్కకు రెండే తీగలుంచి, వాటి కణుపులను కోకోపీట్, వర్మీ కంపోస్ట్ సమంగా నింపిన చిన్న కుండీల్లోకి హెయిర్‌పిన్‌తో అదిమి పెట్టండి. నెల తర్వాత మెల్లగా లాగినా పిల్ల మొక్క కదలకుండా నిలిస్తే వేరు పట్టినట్టే, తల్లి నుంచి కోసి తూర్పు వైపు నీడకు మార్చండి.