టేబుల్ సా మీద చెక్క కోసేటప్పుడు: వెనక పళ్ళ సంగతి

బెంగళూరులో ఒక వార్డ్‌రోబ్‌కి ఇంటీరియర్ వాళ్ళు చెప్పే రేటు విని కళ్ళు తిరిగి, "ఈమాత్రం నేను చేసుకోలేనా" అని పది అంగుళాల టేబుల్ సా, అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకొచ్చి తిరిగే కరెంటు రంపం, ఆర్డర్ పెట్టేసిన వాళ్ళలో నేనూ ఒకడిని. మీరూ అదే బాపతైతే ప్లగ్గు పెట్టే ముందు ఇది చదవండి. మారతహళ్లి దగ్గర అద్దె ఇంటి మేడ మీద రేకుల షెడ్డులో కోస్తుంటాను. వేళ్ళు పదీ ఉన్నాయి. షెడ్డు తలుపు రేకుకి మాత్రం నా నడుము ఎత్తులో ఒక సొట్ట ఉంది, దాని కథతోనే మొదలుపెడతాను.

ఆ రోజు సిల్వర్ ఓక్ పలకని పొడుగునా చీలుస్తున్నాను. కొడగు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే చెట్టు అది, ఇక్కడ బాగా దొరుకుతుంది, కానీ సరిగ్గా ఆరకపోతే ఎటు వంగుతుందో దానికే తెలియదు. అంతకు ముందు రోజు ఒక గాడి తీయడానికి బ్లేడు వెనకుండే రివింగ్ నైఫ్ అనే రేకు విప్పి పక్కన పెట్టాను, తిరిగి బిగించడానికి బద్ధకించాను. సగం దూరం కోశాక, విడిపోయిన రెండు ముక్కలూ ఒకదానివైపు ఒకటి దగ్గరకి వచ్చి బ్లేడుని నొక్కేశాయి. తర్వాత ఏం జరిగిందో నేను చూడలేదు, ఢామ్మని చప్పుడు మాత్రం విన్నాను. ముక్క నా తొడ పక్కనుంచి వెళ్ళి తలుపుకి తగిలింది. గీత కనపడటం లేదని కాస్త ఎడమకి జరిగాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ సొట్ట నాకు పడేది.

ఎందుకలా అయిందంటే, బ్లేడు మీవైపు తిరుగుతుంది. మీకు దగ్గరగా ఉన్న ముందు పళ్ళు పైనుంచి కిందికి దిగుతూ చెక్కని టేబుల్‌కి అదిమి కోస్తాయి, అది మనకి మేలే. వెనక పళ్ళు కిందనుంచి పైకి లేస్తాయి. కోత అయిపోయిన చెక్క ఆ వెనక పళ్ళకి ఏమాత్రం తగిలినా దాన్ని ఎత్తి, బ్లేడు నెత్తి మీదుగా తెచ్చి మీ మీదికే విసురుతాయి. పది అంగుళాల బ్లేడు నిమిషానికి 4,800 సార్లు తిరుగుతుంటే అంచున ఉన్న పన్ను గంటకి 230 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది, లెక్క వేసుకుని చూడండి. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. వేళ్ళు తెగడం వేరు, చెక్క ఎగరడం వేరు అనుకుంటాం గానీ, చాలాసార్లు రెండూ ఒకటే. మీరు బలంగా తోస్తున్న చెక్క హఠాత్తుగా మాయమైతే ఆ చెయ్యి వెళ్ళి పడేది బ్లేడు మీదే. కాబట్టి ఇకనుంచి నేను చెప్పేవన్నీ దాదాపు ఒక్క పనికోసమే, చెక్కని వెనక పళ్ళకి తగలనివ్వకూడదు.

మొదటిది ఆ రివింగ్ నైఫ్. బ్లేడు వెనకే నిలబడి, బ్లేడుతో పాటే పైకీ కిందికీ కదిలే రేకు అది. కోసిన సందులో దూరి, ముక్కలు దగ్గరకి రాకుండా అడ్డుపడుతుంది. దీని మందం బ్లేడు ఒంటి (పళ్ళు కాకుండా మధ్య రేకు) మందం కన్నా ఎక్కువ, కోత వెడల్పు కన్నా తక్కువ ఉండాలి. ఉదాహరణకి కోత 2.8 మిల్లీమీటర్లు, బ్లేడు ఒళ్ళు 1.8 అయితే నైఫ్ 2.2 నుంచి 2.5 మధ్యలో ఉంటే బాగుంటుంది. కొత్త బ్లేడు కొన్నప్పుడు సాధారణంగా దాని మీద ఈ రెండు అంకెలూ రాసి ఉంటాయి, నైఫ్ మీద దానిది ఉంటుంది, సరిపోల్చుకోండి. చౌకగా వచ్చిందని సన్న కోత బ్లేడు తెచ్చి పాత నైఫ్‌తో వాడితే చెక్క మధ్యలో ఇరుక్కుంటుంది, అప్పుడు చిరాకొచ్చి నైఫ్ విప్పేస్తారు, నా కథ మీ కథ అవుతుంది. గాడి తీయాల్సి వచ్చినా విప్పక్కర్లేదు, చాలా మిషన్లలో దాన్ని బ్లేడు ఎత్తుకన్నా కాస్త కిందికి దించుకోవచ్చు. ఆరపార కోసేటప్పుడు పైనుండే ప్లాస్టిక్ గార్డ్ కూడా ఉంచండి.

రెండోది ఫెన్స్, అంటే కుడివైపు చెక్కని ఆనించి తోసే గైడు. ఇది బ్లేడుకి సమాంతరంగా ఉండాలి. మీ మిషన్‌తో వచ్చిన స్కేలుని నమ్మకండి. ప్లగ్గు పీకి, బ్లేడు పైకెత్తి, ముందు పన్ను దగ్గర ఫెన్స్‌కి ఎంత దూరం ఉందో, వెనక పన్ను దగ్గర ఎంత ఉందో టేపుతో కొలవండి. రెండూ సమానం కావాలి, లేదా వెనక వెంట్రుకవాసి ఎక్కువుండాలి. వెనక తక్కువుంటే మాత్రం అది చెక్కని తీసుకెళ్ళి వెనక పళ్ళకి అప్పగిస్తున్నట్టే. చవక మిషన్లలో ఫెన్స్ బిగించేటప్పుడు అటూ ఇటూ జరుగుతుంది, అందుకని జరిపిన ప్రతిసారీ కొలవాల్సిందే. విసుగు పనే. నేను కొలుస్తాను.

చెక్క సంగతికొస్తే, ఫెన్స్‌కి ఆనే అంచు తిన్నగా, టేబుల్‌కి ఆనే ముఖం చదునుగా ఉండాలి. వంకర అంచుని ఫెన్స్‌కి ఆనిస్తే సగం దూరంలో ఊగుతుంది, ఊగితే వెనక పళ్ళకి తగులుతుంది. మైసూరు రోడ్డు వైపు టింబర్ డిపోల్లో చెక్క కొంటుంటే, అక్కడే పెద్ద మిషన్ మీద ఒక అంచు తిన్నగా తీసి ఇమ్మని అడగండి. వానాకాలంలో తెచ్చిన పచ్చి చెక్కని వెంటనే కోయకండి, కొన్ని వారాలు ఇంట్లో గాలి తగిలేలా సందులిచ్చి పేర్చి ఉంచండి. ప్యాకింగ్ పెట్టెల పైన్‌వుడ్, పాత తలుపుల టేకు వాడేవాళ్ళు ముందు అయస్కాంతంతో తడిమి మేకులు చూసుకోండి. ఇక ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటు, 18 మిల్లీమీటర్లది, ముప్పై కేజీల పైమాటే. ఒక్కరే దాన్ని చిన్న టేబుల్ సా మీదికి ఎక్కించడం పని కాదు, కుస్తీ. నేల మీద థర్మోకోల్ షీటు పరిచి, దాని మీద ప్లై పెట్టి, చేతి సర్క్యులర్ సాతో పెద్ద ముక్కలుగా చేసుకుని, ఆ తర్వాతే టేబుల్ సా మీదికి తెచ్చుకోండి. పొడుగు చెక్క అయితే వెనకవైపు టేబుల్ ఎత్తుకి సరిపడా ఇంకో బల్ల వేయండి, లేకపోతే చివర్లో చెక్క బరువుకి కిందికి వాలుతుంది, మీరు దాన్ని అదమడానికి బ్లేడు మీదికి వంగుతారు.

బ్లేడు విషయంలో పెద్దగా ఆలోచించకండి. పొడుగునా చీల్చడానికి 24 పళ్ళది, అడ్డకోతకీ ప్లైకీ 60 పళ్ళది, రెండూ కొనలేకపోతే 40 పళ్ళది. ఎత్తు మాత్రం, పళ్ళ మధ్య పల్లం చెక్క పైకి కనపడేంత వరకు చాలు. బిగించేటప్పుడు ముందు పళ్ళు మీవైపుకి చూస్తున్నాయో లేదో చూసుకోండి. తిరగేసి బిగించి, పొగ వస్తోందని మిషన్‌ని తిట్టినవాళ్ళని చూశాను.

ఇప్పుడు కోత. నేను మొదట్లో సరిగ్గా బ్లేడుకి ఎదురుగా నిలబడేవాడిని, గీత బాగా కనపడుతుందని. మా వీధిలో పనికొచ్చే మదనపల్లె ఆచారి ఒకాయన మేడెక్కి చూసి, "ఆడ నిలబడద్దు సార్, ఈ పక్కకి రాండి" అని భుజం పట్టి జరిపాడు. ఫెన్స్ కుడివైపు ఉంటే మీరు బ్లేడు వరసకి ఎడమపక్కన ఉండాలి. ఎగిరే చెక్కకి దారి వదిలేయాలన్నమాట. కుడిచెయ్యి తోస్తుంది, ఎడమచెయ్యి చెక్కని ఫెన్స్‌కి అదుముతుంది, కానీ బ్లేడుకి ముందే ఆగిపోతుంది, దాన్ని దాటి వెళ్ళదు. బ్లేడు పక్కన ఎడమచేత్తో నొక్కితే సందు మూసుకుపోతుంది. చెయ్యి బ్లేడుకి ఆరంగుళాల లోపలికి రావాల్సిన చోటల్లా పుష్ స్టిక్ వాడండి. కొనక్కర్లేదు, 12 మిల్లీమీటర్ల ప్లైలో చెప్పు ఆకారంలో ఒకటి కోసుకోండి, కింద మడమలాంటి కొక్కెం చెక్క వెనక అంచుని పట్టుకుంటుంది, పైన అరచెయ్యి అదుముతుంది. సన్నగా ఉండే కర్ర కన్నా ఇది మేలు, ఎందుకంటే తోయడంతో పాటు కిందికి కూడా నొక్కుతుంది. నాలుగు చేసిపెట్టుకోండి, బ్లేడు కొరికేస్తే, వేలిని కాదు దాన్నే కొరికింది గదా అని సంతోషించి ఇంకోటి తీసుకోండి.

తోయాల్సింది బ్లేడుకీ ఫెన్స్‌కీ మధ్యనున్న ముక్కని. అది బ్లేడునీ నైఫ్‌నీ పూర్తిగా దాటేదాకా తోస్తూనే ఉండాలి, మధ్యలో వదలకూడదు, ఎప్పుడూ వెనక్కి లాగకూడదు. బ్లేడు పట్టేస్తున్నట్టు, శబ్దం బరువెక్కినట్టు అనిపిస్తే చెక్కని గట్టిగా అదిమి పట్టుకుని మోకాలితో స్విచ్ కొట్టండి. అందుకే మోకాలికి అందే పెద్ద స్విచ్ ఉన్న మిషన్ తీసుకోమంటాను. బ్లేడు పక్కన మిగిలిన చిన్న ముక్క అక్కడే గెంతుతూ ఉంటుంది, తీయాలని చెయ్యి లాగుతుంది. వద్దు. స్విచ్ ఆపాక కూడా బ్లేడు చప్పుడు లేకుండా కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది, అదే అసలు మోసం.

అడ్డకోతకి ఫెన్స్ వాడకండి, మైటర్ గేజ్ (టేబుల్ గాడిలో జారుతూ చెక్కని అడ్డంగా పట్టి తోసే గైడు) కానీ, అదే గాడిలో జారే స్లెడ్ అనే పలక కానీ వాడండి. ఒకే కొలతలో పది ముక్కలు కావాలని ఫెన్స్‌నీ మైటర్ గేజ్‌నీ కలిపి వాడితే, తెగిన ముక్క ఫెన్స్‌కీ బ్లేడుకీ మధ్య ఇరుక్కుని మెలి తిరుగుతుంది. తప్పదంటే ఫెన్స్ ముందు భాగంలో ఒక దిమ్మె క్లాంపుతో బిగించి, కొలత దాన్నుంచి తీసుకోండి, చెక్క బ్లేడు దగ్గరకి వచ్చేసరికి ఫెన్స్‌కీ దానికీ మధ్య ఖాళీ ఉంటుంది. ఒక అడుగు కన్నా పొట్టి ముక్కల్ని పొడుగునా చీల్చకండి. ఏ గైడూ లేకుండా ఒట్టి చేతులతో కోయడం గురించి నేను చెప్పేదేం లేదు, చేయకండి అంతే.

కరెంటు గురించి ఎవరూ రాయరు గానీ మనకది ముఖ్యం. ఒకసారి కోత మధ్యలో పవర్ పోయింది, షెడ్డులో చీకటి. నేను టార్చ్ పట్టుకుని వంగి ఇరుక్కున్న ముక్క లాగుతున్నాను, స్విచ్ ఆన్‌లోనే ఉందని గుర్తే లేదు. చెయ్యి తీసిన కాసేపటికి పవర్ వచ్చింది, మిషన్ దానంతటదే గుర్రుమంది. ఆ రాత్రి అన్నం దిగలేదు. కరెంటు పోయి వస్తే మళ్ళీ నొక్కేదాకా స్టార్ట్ కాని స్విచ్‌లు ఉంటాయి, నో వోల్ట్ స్విచ్ అని అడగండి, బెంగళూరు ఎస్‌జేపీ రోడ్డు షాపుల్లో దొరుకుతుంది, ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకోండి. అది పెట్టించేదాకా పవర్ పోయిన క్షణం మొదటి పని స్విచ్ ఆపడం, రెండోది ప్లగ్గు పీకడం. మిషన్‌ని 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టండి, సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సులు వేడెక్కుతాయి.

సైట్లలో మార్బుల్ కట్టర్‌ని ప్లై కింద తలకిందులుగా బిగించి, స్విచ్‌కి టేపు చుట్టి టేబుల్ సాలా వాడటం మీరు చూసే ఉంటారు. రివింగ్ నైఫ్ లేదు, గార్డ్ లేదు, వేగం నిమిషానికి 12,000 పైన. వాళ్ళ చేతులకి ఏళ్ళ అలవాటు ఉంది, అయినా ఆ చేతుల్ని ఒకసారి దగ్గరగా చూడండి. మనం శని ఆదివారాల వడ్రంగులం, మనకొద్దు.

బట్టల దగ్గర, గ్లౌజులు వేసుకుంటే భద్రం అనుకుంటారు, తిరిగే బ్లేడు దగ్గర అవి ప్రమాదం, పన్ను దారం పట్టుకుంటే చెయ్యంతా లాక్కుంటుంది. లుంగీ, చున్నీ, చొక్కా వదులు చేతులు కూడా అంతే. ఉంగరాలు, వాచీ తీసేయండి. చేతికి గుళ్ళో కట్టిన ఎర్ర దారాలు కూడా. మా అమ్మ ఒప్పుకోలేదు, చివరికి దాన్ని బనీను గుండీకి కట్టుకున్నాను. కళ్ళద్దాలు, చెవులకి మఫ్‌లు, ముక్కుకి ఎన్95 పెట్టుకోండి. చెక్క పొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం క్యాన్సర్ కలిగించే వాటిలో మొదటి గ్రూపులో చేర్చింది, తుమ్ములే కదా అని వదిలేయకండి.

పని అయ్యాక బ్లేడుని టేబుల్ కిందికి దించేసి, ప్లగ్గు పీకి, వైరు చుట్టని టేబుల్ మీద ఎదురుగా పెడతాను, పొట్టు ఊడ్చేది దాని తర్వాతే. చీకటి పడ్డాక మాత్రం కోయను. కింద ఓనరమ్మ సీరియల్ టైము, ఆవిడ కేకలు కిక్‌బ్యాక్ కన్నా గట్టిగా తగులుతాయి.