పెద్దవాళ్ల డబ్బు విషయం మాట్లాడటం: కొత్త అడ్వైజర్లకు నేను నేర్పే పద్ధతి

మ్యూచువల్ ఫండ్లు అమ్మేవాళ్లు రాయాల్సిన ఎన్‌ఐఎస్‌ఎం ఫైవ్-ఏ పరీక్షలో వందకు 50 వస్తే పాస్. ఫండ్ కంపెనీల సంఘమైన ఆంఫీ నుంచి ఏఆర్‌ఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబర్ తెచ్చుకుంటే అమ్ముకోవచ్చు. డెబ్బై దాటిన మనిషి ముందు కూర్చుని ఎలా మాట్లాడాలో మాత్రం అక్కడ రాదు. విజయవాడలో మా ఆఫీసులో చేరేవాళ్లకు అది నేర్పడం నా పని.

మొదటిసారి ఇంటికి వెళ్లేటప్పుడు బ్యాగులో ఒక్క ఫారం కూడా ఉండకూడదు. ఉంటే చెయ్యి ఊరుకోదు. మధ్యాహ్నం కునుకు తీసే వేళ వెళ్లకండి. టీవీ కట్టేయమని అడగడానికి మొహమాటపడకండి. వినపడటం లేదనిపిస్తే అరవకుండా, ఎదురుగా కూర్చుని నెమ్మదిగా చెప్పండి.

చాలా ఇళ్లలో బాబాయిగారే మాట్లాడతారు. పిన్నిగారు కాఫీ ఇచ్చి వంటింటి గుమ్మం దగ్గర నిలబడతారు. ముందు ఆవిణ్ణి కూర్చోబెట్టండి. "ఆయన ఊళ్లో లేనప్పుడు ఓ లక్ష అవసరమైతే ఎక్కణ్ణుంచి తీస్తారు పిన్నిగారూ?" అని అడగండి. "నాకేం తెలుసు నాయనా, అన్నీ ఆయనే" అంటే ఆ రోజు చెయ్యాల్సిన పని దొరికినట్టే. బీరువాలోని ఫైలు తెప్పించి, ఉన్న ఖాతాలన్నీ ఒకే కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాయండి: ఏ బ్యాంకు, జాయింటా కాదా, గడువు ఎప్పుడు, నామినీ ఎవరు. పిన్ నంబర్లు రాయకండి, చెప్పబోయినా వినకండి.

నామినీ దగ్గర కాస్త ఆగండి. ఎప్పుడో పోయిన తల్లి పేరే ఇంకా ఉండొచ్చు. నామినీ అయినంత మాత్రాన డబ్బు ఆ మనిషి సొంతమైపోదనీ, వీలునామాకు ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలనీ అప్పుడే చెప్పండి.

ఆ ఫైల్లోనే "ఎఫ్‌డీ లాంటిదే" అని ఎవరో అంటగట్టిన బీమా పాలసీ కనిపిస్తే, అది చేతికొచ్చిన తేదీ చూడండి. 30 రోజులు దాటకపోతే ఫ్రీ లుక్ (నచ్చకపోతే తిప్పి పంపే గడువు) కింద వెనక్కి ఇచ్చేయొచ్చు.

పథకాల్లో మొదట ప్రభుత్వం నడిపే సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ చెప్పిస్తాను. అందులో మనకు కమీషన్ రాదు, కాబట్టి చెప్పే మనిషి ఎలాంటివాడో తెలిసిపోతుంది. 60 నిండినవాళ్లు ఒక్కొక్కరు 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు, గడువు ఐదేళ్లు, మూడు నెలలకోసారి వడ్డీ. బ్యాంకు డిపాజిట్లకు ఒక్కో బ్యాంకులో అసలూ వడ్డీ కలిపి 5 లక్షల వరకే ఇన్సూరెన్స్ ఉంటుందని కూడా చెప్పాలి.

చెప్పడం అయ్యాక వాళ్లచేత తిరిగి చెప్పించుకోండి. "నువ్వు చెప్పావుగా, సరేలే" అంటే వాళ్లకు అర్థం కాలేదన్నమాట. ఆ రోజు సంతకం వద్దు. ఇది ఆఫీసులో నన్ను ఎదురుగా కూర్చోబెట్టి ప్రాక్టీస్ చేయిస్తాను. అడిగిందే నాలుగుసార్లు అడుగుతాను, విసుక్కున్నవాళ్లు మళ్లీ మొదటినుంచి.

ఉన్నట్టుండి ఎఫ్‌డీలన్నీ విరగ్గొట్టమని, ఎందుకో చెప్పకుండా టెన్షన్ పడుతూ ఫోన్ చేస్తే డిజిటల్ అరెస్ట్ మోసమేమో (పోలీసులమంటూ ఫోన్‌లో బెదిరించి డబ్బు గుంజడం) అనుమానించండి. వెంటనే ఇంటికి వెళ్లండి. డబ్బు అప్పటికే పోయుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. ఇలాంటప్పుడు ఎవరికి చెప్పాలో ఆ పేరు, నంబరు ముందే రాతపూర్వకంగా తీసుకుని ఉంచుకోవాలి.

అమెరికా నుంచి అబ్బాయి "నాన్న దగ్గర ఎంతుంది?" అని మీకు మెసేజ్ పెడితే అంకె చెప్పకండి. నాన్నగారు పక్కనుండగా వీడియో కాల్ చేద్దామనండి.