అశ్వగంధ ఆకు మీద మచ్చ కనబడితే, మందు డబ్బా ఎత్తకముందు

మాది కళ్యాణదుర్గం పక్కన ఎర్రనేల. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం జిల్లాలో, బుడ్డలు (వేరుశనగ) తప్ప ఇంకో పంట ఎరగని ఇల్లు మాది. అశ్వగంధ మొదటిసారి వేసినప్పుడు అరెకరా మడిలో అక్కడొక గుంపు, ఇక్కడొక గుంపు మొక్కలు పసుపెక్కి గిడసబారిపోయాయి. వేరుకుళ్ళు అనుకున్నాను. మందుల అంగడిలో చెబితే బూజు మందు ఇచ్చారు. రెండుసార్లు మొదళ్ళలో పోశాం, మొక్క తేరుకోలేదు. మూడోసారికి డబ్బు తీస్తుంటే మా మామ ఒకటే అడిగాడు: "వేరు పీకి చూసినావామ్మా?"

చూడలేదు. పీకితే వేరు నిండా ఉబ్బులు. నులిపురుగులు, అంటే వేళ్ళలో దూరి బతికే, కంటికి కనబడనంత చిన్న పురుగులు! ముందటి పంట ఆ మడిలో టమాటా. అశ్వగంధది కూడా టమాటా, వంకాయల కుటుంబమే. ఒక విందు అయ్యాక ఇంకో విందు మేమే వడ్డించాం.

బుడ్డలు పండించే వాళ్ళకు వేరు మీద బుడిపెలు కనబడితే మంచివే అనిపిస్తుంది. అక్కడే మోసపోతాం. బుడ్డల వేరు మీది బుడిపె పక్కన అతికించినట్టు ఉంటుంది. గోటితో గీకితే రాలిపోతుంది, చిదిమితే లోపల ఎర్రగా ఉంటుంది. నులిపురుగు ఉబ్బు అంటే వేరు తానే ఉబ్బి లావెక్కడం. గీకినా రాదు, గట్టిగా లాగితే వేరు తెగుతుంది. దీనికి బూజు మందు పోస్తే నీళ్ళు పోసినట్టే.

ఆ దెబ్బతో ఒక సంచి పెట్టుకున్నాను. భూతద్దం, బ్లేడు, గాజు గ్లాసు, తెల్ల కాగితం, అంతే. పొద్దున్నే మడిలోకి పోతాను. మధ్యాహ్నం ఎండకు వాలిన మొక్కను చూసి ఎండు తెగులని భయపడొద్దు. తెల్లారినా తల ఎత్తకపోతే అప్పుడు అనుమానించాలి.

మచ్చల సంగతికొస్తే, మనకు బుడ్డల ఆకుల మీద మచ్చలు తెచ్చే తిక్కా తెగులు చూసిన కళ్ళున్నాయి కదా, వాటినే వాడుకోవాలి. అశ్వగంధలో ఎక్కువగా కనబడేది ఆల్టర్నేరియా అనే బూజు తెచ్చే ఆకుమచ్చ. మాకు వానలు ఎక్కువగా పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. నాలుగు రోజులు ముసురు పట్టి ఆకు ఆరకపోతే ముందు కింది ముదురాకుల మీద గోధుమరంగు చుక్కలు మొదలవుతాయి. పెద్దవయ్యేకొద్దీ మచ్చలో ఒకదాని చుట్టూ ఒకటి వలయాలు తేలతాయి, నీళ్ళలో రాయి వేసినట్టు. అంచున పసుపు. తర్వాత మచ్చలు కలిసిపోయి ఆకు ఎండి రాలుతుంది. ఆ వలయాలే గుర్తు. ఇంకో రకం మచ్చ పైనుంచి పసుపుగానే కనబడుతుంది, ఆకు తిప్పితే అడుగున మసి రాసినట్టుంటుంది. అందుకే ఆకు తిప్పి చూడకుండా ఏ తెగులుకీ పేరు పెట్టను.

తిప్పి చూస్తే చాలాసార్లు తెగులే కాదని తేలుతుంది. అడుగున ముళ్ళున్న పసుపుపచ్చ చిన్న పురుగులు ఆకును గీకి తింటుంటే, పైనుంచి చూసేవాళ్ళకు అది గోధుమరంగు మచ్చలాగే ఉంటుంది. ఎండకెదురుగా పట్టుకుంటే జల్లెడలాగా ఈనెలు మాత్రం మిగిలి ఉంటాయి. అది అక్షింతల పురుగు పిల్లల పని. ఆకంతా సన్నగా ఇసుక చల్లినట్టు పసుపు చుక్కలుంటే తెల్ల కాగితం మీద ఆకును తట్టండి. రాలిన చుక్కలు నడిస్తే ఎర్రనల్లి.

ఇంకా తేలకపోతే ఒక ఇంటి పరీక్ష ఉంది. మచ్చ ఆకును తడి కాగితంతో పాటు పాలిథిన్ కవర్లో పెట్టి, మూతి కట్టి, నీడలో రెండు రోజులు ఉంచండి. బూజు తెగులైతే మచ్చ మీదే నల్లగానో బూడిదరంగుగానో నూగు లేస్తుంది, భూతద్దంలో బాగా కనబడుతుంది. ఆకంతా ఎక్కడపడితే అక్కడ బూజు పడితే అది కుళ్ళిన ఆకు మీద వచ్చే మామూలు బూజు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. మా అత్త ఆ కవర్ చూసి ఊరగాయ అనుకుంది ఒకసారి!

మొక్క మొత్తం వాలితే ఆకు వదిలేసి మొదలు చూడాలి. లేత మొలకలు పడిపోతుంటే భూమికి ఆనుకున్న చోట కాడ నీరుకారి, నొక్కుకుపోయి దారంలా ఉంటే నారుకుళ్ళు. కత్తిరించినట్టు తెగి ఉంటే రాత్రిపూట పురుగు కొరికింది. పెద్ద మొక్క మొదట్లో తెల్లటి దారాల బూజు, దాని మీద ఆవగింజల్లాంటి గుండ్లు ఉంటే అది మన బుడ్డల్లో వచ్చే మొదలుకుళ్ళు బూజే. వేరే గుర్తు అక్కర్లేదు. బయట ఏమీ లేకుండా మొక్క ఎండుతుంటే కాండాన్ని అడ్డంగా కోయండి. బెరడు కింద గోధుమరంగు వలయం ఉంటే ఫ్యుజేరియం అనే బూజు తెచ్చే ఎండు తెగులు కావచ్చు. అదే ముక్కను గ్లాసులో తేటనీళ్ళలో వేలాడదీసి కాసేపు ఆగండి. కోత నుంచి పాలదారంలా దిగితే అది బ్యాక్టీరియా. ఫ్యుజేరియం అయితే నీళ్ళు తేటగానే ఉంటాయి. కోలియస్ అనే మందుమొక్క వేసినవాళ్ళు ఈ పరీక్ష తప్పకుండా నేర్చుకోవాలి, దానికి ఈ రెండు రకాల ఎండు తెగులూ వస్తుంది.

కలబందలో మొదలు మెత్తబడి దుర్వాసన వస్తే చాలావరకు బ్యాక్టీరియా కుళ్ళు. పొడిగా, లోపలికి గుంటపడిన నల్లమచ్చలైతే బూజు.

ఇంకొకటి, నేను సిగ్గుపడే సంగతి. విత్తిన అయిదో నెలలో కింది ఆకులు పసుపెక్కి ఎండుతుంటే టెన్షన్‌తో రాత్రంతా నిద్రపోలేదు. కాయలు ఎర్రబడి ఉన్నాయి, అది కూడా గమనించలేదు. పంట కోతకు వచ్చింది, అంతే.

ఇంత తేల్చుకోమని ఎందుకంటున్నానంటే మనం అమ్మేది వేరు, దాన్ని ఎవరో పొడి చేసి పాలల్లో కలుపుకుని తాగుతారు. అక్కర్లేని మందు పోస్తే దాని అవశేషం అందులోకే చేరవచ్చు. నేనిప్పుడు విత్తనానికి ట్రైకోడెర్మా అనే, తెగులు బూజులను అణిచే మేలు బూజు పట్టిస్తాను. మాగిన పశువుల ఎరువులో కూడా దాన్ని కలిపి, తడి ఆరకుండా పది పదిహేను రోజులు నీడలో ఉంచి దుక్కిలో చల్లుతాను. మొక్కలు గుబురుగా ఉంటే ఒకటి తీసి ఒకటి ఉంచుతాను, గాలి ఆడితే ఆకు తొందరగా ఆరుతుంది. తెగులు మొక్కను వేరుతో సహా పీకి కాల్చేస్తాను. గట్టు మీద పారేస్తే వాన దాన్ని మళ్ళీ మడిలోకే తెస్తుంది.

అప్పటికీ తెలియకపోతే అనంతపురం దగ్గరి రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికి మొక్క తీసుకుపోతాను. పూర్తిగా చచ్చిన మొక్క వద్దు, అందులో అన్ని రకాల బూజులూ చేరి ఉంటాయి. సగం వాడినది ఒకటి, బాగున్నది ఒకటి, వేరు చుట్టూ మట్టి రాలకుండా తవ్వి పాత పేపర్లో చుట్టండి. పాలిథిన్ కవర్లో కట్టి బస్సెక్కితే అనంతపురం చేరేలోపు ఉడికిపోతుంది.