ట్రేడింగ్ కార్డుల పార్సెల్: ఛార్జీ ఎందుకు పెరిగింది, క్లెయిమ్ ఎందుకు తిరగ్గొట్టారు

ట్రేడింగ్ కార్డుకి (ఆటగాళ్ల బొమ్మలో, ఆటల బొమ్మలో ఉండి సేకరించుకునే కార్డు) స్లీవ్ అనే పల్చటి ప్లాస్టిక్ తొడుగు వేయడం, టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ కవరులో పెట్టడం, రెండు అట్టల మధ్య బిగించడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. ఇక్కడున్నవన్నీ ఆ తర్వాత మొదలయ్యే గొడవలు.

అన్నిటికన్నా ముందు ఒక పని చేయండి, ఎందుకంటే ఎంత చెప్పినా దీన్ని దాటేసి వచ్చేవాళ్లే ఎక్కువ. రేట్లు పోల్చేముందు ప్యాకింగ్ పూర్తి చేయండి. టేపు వేసి, లేబుల్ కూడా అంటించాక తూచండి, పొడవు, వెడల్పు, మందం మూడూ కొలవండి. మామూలు కార్డు 63 × 88 మిల్లీమీటర్లు, బరువు రెండు గ్రాములకి కూడా తక్కువే, నిజమే. కానీ ఛార్జీ వేసేది కార్డుకి కాదు, డబ్బాకి. చేతిలో డబ్బా లేకుండా చేసిన పోలిక ఉట్టి ఊహ.

లక్షణం: ఆన్‌లైన్‌లో ఒక ఛార్జీ చూపించింది, పంపాక ఇంకో ఛార్జీ పడింది

వాల్యూమెట్రిక్ వెయిట్. కొరియర్ వాళ్లు అసలు బరువునీ, డబ్బా ఆక్రమించే చోటునీ లెక్కేసి, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. చాలాచోట్ల లెక్క ఇదే: సెంటీమీటర్లలో పొడవు × వెడల్పు × ఎత్తు, దాన్ని 5000తో భాగిస్తే కిలోలు. ఇంట్లో ఉంది కదా అని 30 × 20 × 15 డబ్బా తీసుకుని, నాలుగు కార్డులు వేసి, మిగతాదంతా బబుల్ ర్యాప్‌తో నింపారనుకోండి. అసలు బరువు పావుకిలో కూడా ఉండకపోవచ్చు, లెక్కలో మాత్రం 1.8 కిలోలు. అవే కార్డులు 18 × 13 × 5 డబ్బాలో పెడితే 0.234. చాలామంది అరకిలో మెట్లలో పైకి సరిచేస్తారు కాబట్టి ఒకదానికి రెండు కిలోల రేటు, ఇంకోదానికి అరకిలో రేటు.

పరిష్కారం: చిన్న డబ్బా. అంతే. భాజకం 5000 కాకుండా ఇంకేదైనా వాడే సర్వీసులూ ఉంటాయి, వాళ్ల రేట్ల పేజీలో ఆ అంకె రాసే ఉంటుంది, చూసుకోండి.

లక్షణం: కవరులో పెట్టి ఉత్తరంలా పంపితే తిరిగొచ్చింది, లేదా అవతలివాళ్ల దగ్గర అదనంగా వసూలు చేశారు

ఉత్తరాల రేటు వంగే కాగితానికి. టాప్‌లోడర్ పెట్టిన కవరు వంగదు, సార్టింగ్ మెషిన్‌లో రోలర్ల మధ్య ఇరుక్కుంటుంది. అందుకే గట్టి కవర్లకి వేరే రేటు పెట్టే తపాలా శాఖలున్నాయి. మందం కూడా చూసుకోవాలి: ప్రపంచ తపాలా సంఘం కొలతల్లో చిన్న ఉత్తరం మందం 5 మిల్లీమీటర్లు దాటకూడదు, పెద్ద ఉత్తరం 20 దాటకూడదు. ఇక వేరే దేశానికైతే ఉత్తరం అన్న మాటే మర్చిపోండి. కార్డు వాళ్ల దృష్టిలో పత్రం కాదు, వస్తువు. స్మాల్ పాకెట్‌గా పంపాలి, దాని మీద సీఎన్ 22 కస్టమ్స్ ఫారం ఉండాలి, విలువ 300 ఎస్‌డీఆర్ దాటితే సీఎన్ 23. (ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కల యూనిట్, కింద మళ్లీ వస్తుంది.)

లక్షణం: ఇన్సూరెన్స్ కట్టాను, పార్సెల్ పోయింది, డబ్బు రాలేదు. వచ్చినా చిల్లర వచ్చింది

అసలు సంగతి ఇది. నన్ను గట్టిగా ముంచిందీ ఇదే కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

బుకింగ్ ఫారంలో "డిక్లేర్డ్ వాల్యూ" అని ఒక గడి ఉంటుంది. అక్కడ పెద్ద అంకె వేస్తే ఛార్జీ కొంచెం పెరుగుతుంది, రసీదు మీద ఆ అంకె అచ్చవుతుంది. అది చూసి అందరూ ఇన్సూరెన్స్ అయిపోయిందనుకుంటారు. కాదు. డిక్లేర్డ్ వాల్యూ అంటే కొరియర్ సంస్థ ఎంతవరకు బాధ్యత తీసుకోవచ్చో చెప్పే పైహద్దు మాత్రమే. పార్సెల్ పోతే ఆ మొత్తం దానంతటదే చేతికి రాదు. తప్పు తమదని తేలాలి, విలువ మీరు నిరూపించాలి, లోపలి వస్తువు వాళ్ల మినహాయింపుల జాబితాలో ఉండకూడదు. మన కార్డులు బోల్తా పడేది ఈ మూడో దగ్గరే. షరతుల పేజీలో బాగా కిందికి వెళ్తే నగలు, నాణేలు, స్టాంపులు, పురాతన వస్తువులు అంటూ ఒక వాక్యం వస్తుంది, దాని చివర్లో "సేకరణ వస్తువులు" అని ఒక్క ముక్క ఉంటుంది. కొందరు వాటిని అసలు తీసుకోమంటారు. కొందరు తీసుకుంటారు గానీ మీరు ఎంత విలువ రాసినా తమ బాధ్యత ఒక చిన్న మొత్తం దాటదంటారు. అదనపు డబ్బు తీసుకునేటప్పుడు కౌంటర్‌లో ఎవరూ ఈ వాక్యం చదివి వినిపించరు, వాళ్లకీ తెలియకపోవచ్చు.

నా పార్సెల్ పోయినప్పుడు వచ్చిన జవాబు రెండే లైన్లు. మొదటి లైన్‌లో విచారం, రెండో లైన్‌లో షరతు నంబరు. నేను కట్టిన అదనపు ఛార్జీ గురించి ఒక్క మాట లేదు, అది వెనక్కీ రాలేదు. అందులో ఏముందో దాచిపెట్టిందేమీ లేదు, ఫారం మీద స్పష్టంగా "ట్రేడింగ్ కార్డులు" అనే రాసి ఉంది. తీసుకునేటప్పుడు అడ్డుచెప్పని మాట, క్లెయిమ్ దగ్గరికి వచ్చేసరికి కారణమైపోయింది.

విలువ ఏమీ రాయకపోతే ఇంకా అన్యాయం, ఎందుకంటే అప్పుడు లెక్క బరువు మీద పోతుంది. అంతర్జాతీయ విమాన సరుకుకి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం బాధ్యత హద్దు కిలోకి 26 ఎస్‌డీఆర్ (2024 డిసెంబరు 28 నుంచి, అంతకుముందు 22). రోడ్డు రవాణాకి సీఎంఆర్ ఒప్పందం వర్తించే దేశాల మధ్యయితే కిలోకి 8.33. రెండు వందల గ్రాముల పార్సెల్‌కి విమానంలో 5.2, రోడ్డు మీద 1.67. ఈ హద్దులు పెట్టింది మామూలు సరుకుని మనసులో పెట్టుకుని. గ్రాముల బరువుతో లక్షల ధర పలికే వస్తువుకి ఈ కొలబద్ద పనికిరాదు.

ఇందులోనే ఇంకో ఉచ్చు ఉంది. కొన్నవాళ్లు "కస్టమ్స్ ఫారంలో తక్కువ రాయండి, గిఫ్ట్ అని పెట్టండి" అంటారు. అది చట్టవిరుద్ధం, ఆ సంగతి మీకూ తెలుసు. పైగా ఫారంలో పదో వంతు విలువ రాసి ఇన్సూరెన్స్‌కి పూర్తి విలువ చూపిస్తే, క్లెయిమ్ చూసేవాళ్లకి మీ సంతకంతోనే సాక్ష్యం ఇచ్చినట్టు. పార్సెల్ పోయాక ఆ కొన్నాయన రీఫండ్ అడుగుతాడు గానీ మీ తరఫున మాట్లాడడానికి రాడు.

పరిష్కారానికి వస్తే, బుక్ చేయకముందే నాలుగు ప్రశ్నలు వేసి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు, ఈమెయిలైనా చాట్ స్క్రీన్‌షాటైనా ఉండాలి. ఇది ఇన్సూరెన్సా, డిక్లేర్డ్ వాల్యూనా? ట్రేడింగ్ కార్డులు, గ్రేడ్ చేసిన స్లాబ్‌లు (కార్డు స్థితికి మార్కులేసి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసినవి) కవర్ అవుతాయా? పోతే గరిష్ఠంగా ఎంత ఇస్తారు, అందులో మొదట నేను భరించాల్సింది ఎంత? విలువకి ఏ రుజువు ఒప్పుకుంటారు? మొదటి ప్రశ్నకే నీళ్లు నమిలితే అక్కడ విలువ కింద పైసా అదనంగా కట్టకండి. ఆ సర్వీసు రవాణాకి మాత్రం వాడుకుని, ఇన్సూరెన్స్ బయట విడిగా తీసుకోండి. సేకరణ వస్తువుల్ని పేరు పెట్టి కవర్ చేసే షిప్పింగ్ ఇన్సూరెన్స్‌లు ఉన్నాయి. మీ కలెక్షన్‌కి ఇప్పటికే పాలసీ ఉంటే రవాణాలో ఉన్నప్పుడు కూడా వర్తిస్తుందేమో చూడండి, కొన్నిట్లో ఉంటుంది. తపాలా శాఖ ఇన్సూర్డ్ పార్సెల్ కూడా పోల్చి చూడాల్సిందే, చాలాసార్లు అదే నయం.

పోల్చేటప్పుడు ఒక కాగితం మీద రెండే నిలువు గళ్లు గీసుకోండి. ఒక దాంట్లో మొత్తం ఖర్చు: రవాణా, ప్రీమియం, సంతకం తీసుకుని డెలివరీ చేసే ఛార్జీ కలిపి. రెండో దాంట్లో పార్సెల్ పోతే నిజంగా చేతికొచ్చేది. మొదటి గడి మాత్రమే చూసి చవక అనేవాళ్లని ఎవరూ బాగుచేయలేరు.

అన్నిటికీ ఇన్సూరెన్స్ కావాలా అంటే, అక్కర్లేదు. ప్రీమియం విలువలో రెండు శాతం అనుకుందాం. సమానమైన ధర ఉన్న యాభై పార్సెల్స్‌లో ఒకటి కన్నా తక్కువ పోతుంటే మీరు కట్టేదే ఎక్కువ. తక్కువ ధర కార్డులకి ట్రాకింగ్ చాలు, ఎప్పుడో ఒకటి పోతే పోయిందనుకోవాలి. కానీ ఒక్కటి పోయినా నిద్ర పట్టని కార్డుకి ఈ లెక్క వేయకండి, కట్టేయండి.

లక్షణం: ట్రాకింగ్‌లో "డెలివర్డ్" అనుంది, అవతలివాళ్లు రాలేదంటున్నారు

డెలివర్డ్ అని స్కాన్ పడితే చాలా ఇన్సూరెన్స్‌లు అక్కడితో చేతులు దులిపేసుకుంటాయి. సంతకం ఉండే సర్వీసు తీసుకోండి. కొన్ని పాలసీల్లో ఒక మొత్తం దాటితే సంతకం తప్పనిసరి షరతు, అది లేకపోతే పార్సెల్ దారిలో పోయినా క్లెయిమ్ చెల్లదు. డబ్బా మీద కార్డులకి సంబంధించిన పేరు, బొమ్మ ఏదీ కనపడకూడదని వేరే చెప్పాలా?

లక్షణం: కార్డు మూల నలిగింది, క్లెయిమ్ వేస్తే "ప్యాకింగ్ సరిగ్గా లేదు" అన్నారు

తొంభై పాళ్లు కార్డు టాప్‌లోడర్ లోంచి జారి పైకొచ్చి ఉంటుంది. పైమూతికి తేలిగ్గా ఊడే పెయింటర్స్ టేపు వేయండి, చివర మడిచి పట్టుకునే వీలుంచండి. పారదర్శక టేపు వేస్తే అవతలివాళ్లు కత్తెరతో కుస్తీ పడతారు, మూల నలిగేది కొన్నిసార్లు అప్పుడే. రిలిక్ కార్డుని, అంటే ఆటగాడి జెర్సీ లాంటి వస్తువు ముక్క అతికించిన మందపాటి కార్డుని, 35 పాయింట్ల (పాయింటంటే అంగుళంలో వెయ్యో వంతు) మామూలు టాప్‌లోడర్‌లో కుక్కకండి, మందానికి తగ్గది కొనండి. ప్యాక్ చేస్తూ ప్రతి దశలో ఫోటో తీయండి, స్లాబ్ అయితే సర్టిఫికెట్ నంబరు కనపడేలా. నష్టం జరిగితే అందుకున్నవాళ్లు డబ్బా, బబుల్ ర్యాప్ పారేయకుండా ఉంచాలి, తనిఖీకి అడుగుతారు. గడువు కూడా చూసుకోవాలి: మాంట్రియల్ ఒప్పందం కిందకి వచ్చే సరుకు పాడైతే, అందిన 14 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. సంస్థ సొంత గడువు ఇంకా తక్కువ ఉండొచ్చు.

మిగతావి

తేమకి కార్డు వంగిందని, కస్టమ్స్‌లో ఎవరో మార్చేశారని, ఎక్స్‌రేకి రంగు పోయిందని అడుగుతుంటారు. మొదటిదానికి స్లీవ్ పైన ఒక టీమ్ బ్యాగ్ (మూతి అంటించుకునే ప్లాస్టిక్ సంచి) వేసి అంటిస్తే సరిపోతుంది. రెండోది ఎప్పుడో గానీ జరగదు, ముందు మీ ఫోటోలు చూసుకోండి. మూడోది జరగదు.