కెనడా పాంటియాక్ బానెట్ కింద ఏ ఇంజన్ ఉంది?

1960ల నాటి పాంటియాక్ (అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్ కారు) కొన్నారు. పేరు పారిజియెన్, లారెన్షియన్ లేదా స్ట్రాటో-చీఫ్, తయారైంది ఒంటారియోలోని ఒషావాలో. అయితే దాన్ని పాంటియాక్ అనుకుని రిపేరుకు దిగకండి. అమెరికా పాంటియాక్‌లలో 389, 421 లాంటి (ఈ అంకెలు క్యూబిక్ అంగుళాల్లో ఇంజన్ సైజు) పాంటియాక్ సొంత వీ8లు, అంటే వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్న ఇంజన్లు, ఉండేవి. కెనడాలో మార్కెట్ చిన్నది, దిగుమతి సుంకాలు ఎక్కువ. అందుకే అక్కడ అదే జనరల్ మోటార్స్ వారి మరో బ్రాండు షెవర్లే ఛాసిస్ మీద 283, 327, 409 లాంటి షెవర్లే ఇంజన్లే బిగించి, పైన పాంటియాక్ బాడీ తొడిగారు.

సమస్య: కొత్త వాటర్ పంపు బిగదు.
కారణం: షాపులో "పాంటియాక్" అని అడిగారు. పాంటియాక్ వీ8 పంపు టైమింగ్ కవర్ (ఇంజన్ ముందరి మూత) మీద కూర్చుంటుంది. షెవర్లేది రెండు కాళ్లతో నేరుగా బ్లాకుకే బిగుస్తుంది. ఇన్‌టేక్ గాస్కెట్లదీ ఇదే కథ.
పరిష్కారం: షెవర్లే పార్టు అడగండి.

సమస్య: ప్లగ్ వైర్లు మార్చాక ఇంజన్ స్టార్ట్ కాదు, కార్బురేటర్‌లోంచి ఠప్ ఠప్‌మని పేలుతుంది.
దీంతో నాకూ ఒక ఆదివారం మొత్తం పోయింది. తమాషా ఏమిటంటే ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి మండే వరస) రెండు ఇంజన్లకూ ఒకటే: 1-8-4-3-6-5-7-2. నంబర్లు సరిపోయాయి కదా అని ధీమాగా ఉంటాం. తేడా డిస్ట్రిబ్యూటర్ లోపల, ప్లగ్గులకు వంతుల వారీగా కరెంటు పంపే రోటర్ తిరిగే దిక్కులో ఉంది. పై నుంచి చూస్తే షెవర్లేది గడియారం ముల్లులా తిరుగుతుంది, పాంటియాక్‌ది ఎదురు దిక్కులో. అమెరికా పాంటియాక్ మాన్యువల్ చూసి పెడితే 1, 6 సిలిండర్ల వైర్లు మాత్రమే సరైన చోట పడతాయి, మిగతా ఆరూ తప్పే.
పరిష్కారం: డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, ఎవరితోనైనా స్టార్టర్ తిప్పించి, రోటర్ ఎటు తిరుగుతుందో కళ్లారా చూడండి. ఒకటో పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకి తెచ్చినప్పుడు రోటర్ ఎటు చూస్తే అక్కడ 1. అక్కడి నుంచి అది తిరిగే వైపే వరసగా వైర్లు పెట్టండి. 1, 3, 5, 7 సిలిండర్లు డ్రైవర్ వైపు, అంటే ఈ కార్లలో ఎడమ వైపు.

సమస్య: హెడ్ గాస్కెట్ మార్చాక ఆరు సిలిండర్ల ఇంజన్ వేడెక్కుతోంది.
పాతవాటిలో 261 సిక్స్ ఉంటుంది. దాని బోర్ (సిలిండర్ వ్యాసం) 3.75 అంగుళాలు, చూడ్డానికి కవల లాంటి 235ది సుమారు 3.56. 235 హెడ్ వేస్తే ఆవిరి పోయే రంధ్రాలు ఉండవు, వాటిని డ్రిల్ చేయించాలి. గాస్కెట్ మాత్రం 261దే వాడండి.

సమస్య: 283 పిస్టన్లు తెప్పిస్తే సిలిండర్లో లొడలొడలాడుతున్నాయి.
283, 327, 350 బయటికి ఒక్కలాగే ఉంటాయి. అరవై ఏళ్లలో ఎవరో ఇంజన్ మార్చేసి ఉంటారు. బ్లాకు వెనక, డ్రైవర్ వైపు, గేర్‌బాక్స్ కలిసే అంచు దగ్గర పోత నంబరు ఉంటుంది. గ్రీజు పేరుకుపోయి కనిపించదు. వైర్ బ్రష్‌తో గీకి, టార్చి పక్క నుంచి వేసి చదవండి. 3970010 అని కనిపిస్తే అది ఎక్కువగా 350 బ్లాకు. అది 1965 కారులో పుట్టిన ఇంజన్ కాదు. 283 బోర్ 3.875 అంగుళాలు, 327, 350లది 4.00. ఆ నంబరు దొరికాకే పిస్టన్లు ఆర్డర్ పెట్టండి.